సమస్య: "కంచు పసిఁడికంటె ఘనము గాదె" – ఆస్ట్రేలియా బాస్కెట్‌బాల్ దిగ్గజాల మీద పూరణలు

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. మెల్‌బోర్న్‌లో నలుగురు తెలుగువాళ్ళు చేరితే క్రికెట్ గొడవ ఎలాగూ ఉంటుంది. పిల్లలు బాస్కెట్‌బాల్‌లో పడ్డాక ఇంకో గొడవ మొదలైంది. ఆండ్రూ గేజ్ గొప్పా, లూక్ లాంగ్లీ గొప్పా, ప్యాటీ మిల్స్ గొప్పా? తండ్రులది ఒక మాట, కొడుకులది ఒక మాట. ఆ గొడవనే ఈసారి సమస్యగా ఇస్తున్నాను. ఛందస్సు ఆటవెలది. చివరి పాదం ఇది:

"కంచు పసిఁడికంటె ఘనము గాదె"

ఐదూ సూర్యగణాలే, క-ఘ యతి. ఆటగాళ్ళ పేర్లను తెలుగుకు లొంగదీసుకోవచ్చు. గేజ్‌ను గేజు అనండి, మిల్స్‌ను మిల్సు అనండి. కంచుకు మోత ఎక్కువ అనే పాత దారిలో మాత్రం రావద్దు, అది అరిగిపోయింది. ఏ కాలపు ఆటగాణ్ణి ఎత్తుకున్నా ఆ కాలంలో ఆట ఎలా ఉండేదో చూసి రాయండి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఎడ్డీ పలుబిన్స్కాస్ ఆటకు సగటున 31కి పైగా పాయింట్లు కొట్టాడు. అప్పటికి ఒలింపిక్స్‌లో మూడు పాయింట్ల గీతే లేదు. అలాంటి సంగతి మరిచి అంకెలు పక్కపక్కన పెడితే పద్యం నిలుస్తుంది గానీ మాట నిలవదు.

మెల్‌బోర్న్ బావ:
బోణీ నాదే.

ఆ.వె.
నాల్గుసార్లు దక్కె నాల్గవ స్థానమే
పతక మొకటి లేక పరితపించి
మిల్సు చేతి చలువ మెడకెక్కినట్టి యా
కంచు పసిఁడికంటె ఘనము గాదె.

1988, 1996, 2000, 2016. నాలుగు ఒలింపిక్స్‌లో మగవాళ్ళ జట్టు నాలుగో స్థానంలోనే ఆగిపోయింది. 2016లో అయితే మరీ అన్యాయం, కంచు పతకం ఆటలో స్పెయిన్ చేతిలో 89–88తో, ఒక్క పాయింటు తేడాతో పోయింది. 2021లో టోక్యోలో అదే కంచు ఆటలో స్లొవేనియా మీద 107–93తో గెలిచిన రోజు మిల్స్ ఒక్కడే 42 కొట్టాడు. ఎదురుగా ఉన్నది స్లొవేనియా తార లూకా డాన్చిచ్. ఆ రోజు మా ఇంట్లో టీవీ ముందు నుంచి ఎవరూ లేవలేదు.

యతిగోల:
బావగారూ, ధార బాగుంది. "నాల్గవ స్థానమే" దగ్గర 'వ' గురువు కాదా అని ఎవరైనా అడుగుతారేమో. నాల్గవ తెలుగు పదం, తర్వాతి మాట వేరు, కాబట్టి లఘువుగానే తీసుకుందాం. మి-మె యతి కూడా సరే. అన్వయంలోనే చిక్కు ఉంది. "పరితపించి" అంటే ఆ పరితపించిందే మెడకెక్కాలి. మెడకెక్కింది పతకం, పరితపించింది జట్టు. "పరితపింప" అని మార్చండి, గణాలు చెడవు, అర్థం కుదురుతుంది.

మెల్‌బోర్న్ బావ:
మార్చాను. ధన్యవాదాలు.

పెర్త్ పంతులు:
మా పెర్త్‌లో పెరిగిన లాంగ్లీని అందరూ మరిచిపోతారు. అందుకే ఇది:

ఆ.వె.
జోర్డనున్న జట్టు జోరులో వచ్చిన
మూఁడు ముద్రికలును మోదమిడును;
సొంత జెండ క్రింద సొక్కి యాడి గెలుచు
కంచు పసిఁడికంటె ఘనము గాదె.

యతిగోల:
పంతులుగారూ, "జెండా"ను "జెండ" చేశారు. "సొంత నేల కొఱకు సొక్కి యాడి గెలుచు" అంటే ఆ ఇబ్బంది ఉండదు. ముద్రికలు అన్న మాట నచ్చింది. ఉంగరాలు అని ఉంటే యతి దగ్గర కుస్తీ పట్టాల్సి వచ్చేది.

నిర్వాహకుడు:
నాకు పద్యం మీద కాదు, తీర్పు మీద పేచీ ఉంది. మరిచిపోతారు అని మొదలుపెట్టి మీరే ఆయన్ని చిన్నబుచ్చారు. "జోర్డనున్న జట్టు జోరులో వచ్చిన" అంటే గాలికి కొట్టుకొచ్చిన ఉంగరాలని అర్థం వస్తుంది. అమెరికా లీగ్ అయిన ఎన్‌బీఏలో ఆడిన మొదటి ఆస్ట్రేలియన్ లాంగ్లీ. 1991 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్తవాళ్ళను ఎంచుకునే చోట, మిన్నెసోటా అతణ్ణి ఏడో ఎంపికగా తీసుకుంది. షికాగో బుల్స్ 72 ఆటలు గెలిచి 10 మాత్రమే ఓడిన 1995–96 సీజన్‌లో ఆ జట్టు మొదటి ఐదుగురిలో సెంటర్ ఇతనే. 1996, 97, 98 మూడు టైటిళ్ళూ, గెలిచినవాళ్ళకిచ్చే ఆ మూడు ఉంగరాలూ అలా వచ్చినవే. ఏడడుగుల రెండంగుళాల మనిషి మధ్యలో నిలబడి అడ్డు కాస్తేనే పక్కవాళ్ళకు దారి దొరికేది. పాయింట్ల పట్టికలో అది కనబడదు. పైగా మీరు చెప్పే కంచు లాంగ్లీది కూడా కాదు. 1988, 1992, 2000 ఒలింపిక్స్‌లో ఆడాడు, పతకం రాలేదు. మరి ఎవరి బంగారాన్ని ఎవరి కంచుతో తూస్తున్నట్టు?

పెర్త్ పంతులు:
అయ్యా, తక్కువ చెయ్యాలని కాదు. ఉంగరం క్లబ్బుది, పతకం దేశానిది అనాలని నా ఉద్దేశం.

నిర్వాహకుడు:
ఉద్దేశం మంచిదే. పద్యంలోకి అది రాలేదు.

కొత్తగణం:
అందరికీ నమస్తే. మొదటిసారి రాస్తున్నాను, కాస్త టెన్షన్‌గానే ఉంది. తప్పులుంటే చెప్పండి.

ఆ.వె.
మొదట పేరు పిలిచి మురిసినారే గాని
సిమ్మన్సు చేతఁ బతకము చిక్కలేదు;
ఆఖరందుఁ బిలువ నరుదెంచు మిల్సుదౌ
కంచు పసిఁడికంటె ఘనము గాదె.

2016 డ్రాఫ్ట్‌లో బెన్ సిమ్మన్స్ మొదటి ఎంపిక. 2009లో మిల్స్ 55వ ఎంపిక, అరవై మందిలో. ఆ తేడా చెప్పాలనుకున్నాను.

యతిగోల:
భావం దొరికింది బాబూ, అది అందరికీ దొరకదు. ఒకటి, మూడు పాదాలు శుద్ధంగా ఉన్నాయి. రెండో పాదం గణభంగం. 'సిమ్మన్సు' గురువు, గురువు, లఘువు అవుతుంది, సూర్యగణాల్లో అది ఇమడదు. ఇంటిపేరు వదిలి పేరుతో పిలవండి:

"బెన్ను చేతఁ బతక మెన్న లేదు"

ఇక్కడ యతి బదులు ప్రాసయతి పడింది. బెన్ను, మెన్న. రెండు చోట్లా ముందున్నది గురువే, రెండో అక్షరం 'న్న'. ఆటవెలదిలో ఇది చెల్లుతుంది.

తేటగీతి అక్క:
వీపుకి కన్నడంలో బెన్ను అంటారు కదా, బెంగళూరు వాళ్ళు చదివితే నవ్వుతారు. పర్వాలేదు, ఉంచండి.

నిర్వాహకుడు:
కొత్తగణం, స్వాగతం. ఒక్క మాట చేర్చుతాను. సిమ్మన్స్ 2018లో ఎన్‌బీఏ ఉత్తమ కొత్త ఆటగాడు. అంతకు ముందు 2005లో ఆండ్రూ బోగట్ కూడా మొదటి ఎంపికే, 2015లో గోల్డెన్ స్టేట్‌తో టైటిల్ గెలిచాడు. బోగట్ చేతా పతకం లేదు. 2016 రియోలో ఆ ఒక్క పాయింటు తేడాతో ఓడిన జట్టులో ఉన్నాడు. దేశం తరఫున వచ్చి ఆడి ఓడినవాణ్ణీ, అసలు ఒలింపిక్స్‌కే రానివాణ్ణీ ఒకే గాటన కట్టకూడదు. మీరు సిమ్మన్స్ పేరే ఎత్తడం సబబుగా ఉంది.

పెర్త్ పంతులు:
ఊరుకుంటానా! ఇంకొకటి. ఈసారి గేజ్ మీద.

ఆ.వె.
ఐదు క్రీడలందు నలుపెఱుఁగని గేజు
పతకమబ్బకున్న బాళి విడక
పాటుపడెడి మనసు, పతకమదేల నా
కంచు పసిఁడికంటె ఘనము గాదె.

మెల్‌బోర్న్ బావ:
పంతులుగారూ, గేజ్‌కు కంచు ఎక్కడిది? 1984 నుంచి 2000 దాకా ఐదు ఒలింపిక్స్ ఆడాడు, ఒక్క పతకమూ లేదు కదా!

పెర్త్ పంతులు:
నా పద్యంలోనూ లేదు బావగారూ. విరిచి చదవండి. "పతకమదేల నాకు అంచు, పసిఁడికంటె ఘనము గాదె". నాకు + అంచు = నాకంచు. పతకం నాకెందుకంటూ పాటుపడే మనసు బంగారం కన్నా గొప్పది కదా అని.

మెల్‌బోర్న్ బావ:
అమ్మో! చేతులెత్తేశాను.

యతిగోల:
భేష్. సమస్యలోంచి కంచునే ఎత్తుకుపోయారు. అయినా వదలను. "అంచు" వెనక్కి వెళ్ళి "పాటుపడెడి"తో కలవాలి, దూరాన్వయం. సరే, పద్యంలో సర్దుకోవచ్చు. "పతకము" రెండుసార్లు పడింది, అది మాత్రం బాగోలేదు. రెండో పాదం ఇలా ఉంటే?

"మెడకు హారమింత మెఱయకున్న"

పెర్త్ పంతులు:
అయితే 'బాళి' పోతుంది. పోనీయండి, మెరుపు ముఖ్యం.

నిర్వాహకుడు:
గేజ్ గురించి నేనూ నాలుగు ముక్కలు చెప్పాలి. మా వయసు వాళ్ళకు ఆస్ట్రేలియా బాస్కెట్‌బాల్ అంటే ఆయనే. ఒలింపిక్స్‌లో 789 పాయింట్లు, మగవాళ్ళలో బ్రెజిల్ ఆటగాడు ఆస్కార్ ష్మిట్ తర్వాత రెండో స్థానం. ఆస్ట్రేలియా లీగ్ అయిన ఎన్‌బీఎల్‌లో మెల్‌బోర్న్ టైగర్స్ తరఫున 18,908 పాయింట్లు, ఏడుసార్లు ఉత్తమ ఆటగాడు. ఆ 18,908ని ఇప్పటి కుర్రాళ్ళ అంకెలతో పోల్చేవాళ్ళకు ఒక సంగతి గుర్తుచెయ్యాలి. అప్పట్లో ఎన్‌బీఎల్ ఆట 48 నిమిషాలు. 2009 నుంచి 40 నిమిషాలే. ఎనిమిది నిమిషాలంటే గేజ్‌లాంటి వాడికి ఎన్ని బంతులు!

ఇంకో వైపు నుంచీ చూడాలి. ఎన్‌బీఏలో ఆయన ఆడినవి రెండు జట్లకు కలిపి 26 ఆటలు. అది చూపించి "అక్కడ నెగ్గలేకపోయాడు" అంటారు. 1989లో సెటన్ హాల్ కాలేజీ జట్టును జాతీయ ఫైనల్ దాకా తీసుకెళ్ళిన వాళ్ళలో ఒకడు. మిచిగాన్ చేతిలో అదనపు సమయంలో 80–79, ఇక్కడా ఒక్క పాయింటే. బయటి దేశాల ఆటగాళ్ళను ఎన్‌బీఏ అరుదుగా తీసుకునే రోజులవి. లాంగ్లీ తలుపు తీశాడు, ఆ తర్వాతే మిల్స్, బోగట్, డెల్లావెడోవా లాంటివాళ్ళు వరసగా లోపలికి వెళ్ళారు. 1999లో సాన్ ఆంటోనియో టైటిల్ గెలిచిన జట్టులో ఉన్నందుకు గేజ్‌కూ ఉంగరం వచ్చింది. నా దృష్టిలో దానికి విలువ తక్కువ. సిడ్నీ 2000లో సొంత గడ్డ మీద దేశం జెండా పట్టుకొని ముందు నడిచాడే, అదీ గౌరవం.

తేటగీతి అక్క:
ఏం బాబూ, ఇంతసేపూ గేజ్, లాంగ్లీ, మిల్స్. ఆస్ట్రేలియా బాస్కెట్‌బాల్‌లో ఆడవాళ్ళు లేరా? అన్ని కాలాల్లో ఎవరు గొప్ప అంటే ఆల్బరీ ఊరి లారెన్ జాక్సన్ పేరు మొదట రావాలి.

ఆ.వె.
నలువదొకటి యేండ్ల నాఁడు ముప్పది కొట్టె
తల్లి యైన పిదపఁ దాను తిరిగి
వచ్చి సిడ్నిలోన వడిఁ బోరి తెచ్చిన
కంచు పసిఁడికంటె ఘనము గాదె.

మోకాలు పాడై 2016లో ఆట మానేసింది. 2022లో సిడ్నీ ప్రపంచకప్‌కు తిరిగొచ్చి, కంచు పతకం ఆటలో కెనడా మీద 30 పాయింట్లు. 2006లో బ్రెజిల్‌లో ప్రపంచ విజేతగా బంగారం కూడా తెచ్చిన మనిషే. కాబట్టి నా పద్యంలో కంచూ, పసిడీ రెండూ ఆమెవే. ఎవరి బంగారాన్ని ఎవరి కంచుతో తూచావని నన్ను అడగడానికి వీల్లేదు, నిర్వాహకులవారూ.

యతిగోల:
అక్కయ్యా, వేలు పెట్టే చోటు లేదు. "నాఁడు ముప్పది" దగ్గర గణం ముప్పది మధ్యలో విరిగినా నడక చెడలేదు. పేరు చెప్పలేదన్నది ఒక్కటే వెలితి.

తేటగీతి అక్క:
నలభై ఒకటీ, ముప్పై, సిడ్నీ అన్నాక పేరెందుకు తమ్ముడూ?

కొత్తగణం:
ఆవిడ 2000 ఫైనల్లో ప్రత్యర్థి జుట్టు పీకింది అంటారు, నిజమేనా?

నిర్వాహకుడు:
లీసా లెస్లీ అతికించుకున్న జుట్టు చేతిలోకి ఊడొచ్చింది. ఆ గొడవ జోలికి వెళ్ళవద్దు, పద్యాలు దారి తప్పుతాయి.

తేటగీతి అక్క:
ఇంకొకటి కూడా అందుకోండి. ఇది అందరికీ కలిపి.

ఆ.వె.
అతివ లెపుడొ తెచ్చి రటు పసిండియు వెండి,
మగల కొక్క కంచె మహిమ యయ్యె;
అట్టివారు గాక యన్యు లెవ్వ రనిరి
"కంచు పసిఁడికంటె ఘనము గాదె!"

1996 అట్లాంటాలోనే ఆడవాళ్ళ జట్టు కంచు తెచ్చింది. మగవాళ్ళ కంచు 2021లో. పాతికేళ్ళు! ఈలోగా 2000, 2004, 2008లో వరసగా మూడు వెండి, 2006లో ప్రపంచ బంగారం. మూడు ఫైనళ్ళలోనూ ఎదురుపడింది అమెరికానే. అట్లాంటా జట్టులో ఉన్న మిషెల్ టిమ్స్ 1997లో అమెరికా ఆడవాళ్ళ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో ఆడిన మొదటి ఆస్ట్రేలియన్. ఆ దారిలో వెళ్ళే జాక్సన్ 2001లో మొదటి ఎంపిక అయింది, 2003, 2007, 2010లో అక్కడ ఉత్తమ క్రీడాకారిణి అయింది. మూడుసార్లు! ఎన్‌బీఏలో ఆస్ట్రేలియా మగవాళ్ళు ఒక్కరికైనా ఆ బిరుదు వచ్చిందా?

మెల్‌బోర్న్ బావ:
రాలేదు. అక్కయ్యా, నా పూరణ వెనక్కి తీసుకోనా?

తేటగీతి అక్క:
ఎందుకూ, మిల్స్ కంచు మిల్స్‌దే. టారెస్ జలసంధి దీవుల బిడ్డ, టోక్యోలో దేశం జెండా పట్టిన మనిషి. అతని 42 పాయింట్లను నేనెందుకు తగ్గిస్తాను? ఇన్నాళ్ళూ పతకమే లేదన్న మాట మీద మాత్రం నాకు కోపం. పతకం లేనిది మగవాళ్ళకే.

నిర్వాహకుడు:
తీర్పు చెప్పేస్తాను. చమత్కారానికి పంతులుగారి "నాకంచు". అక్కయ్యగారి రెండో పూరణకు మొదటి స్థానం, ఎందుకంటే సమస్యను ఒప్పుకోకుండానే పూరించారు. సమస్య ఇచ్చిన నన్నే "అట్టివారి"లో కలిపేశారు. ఎవరు గొప్ప అన్నదానికి నా ఓటు కూడా జాక్సన్‌కే. మగవాళ్ళలో అయితే గేజ్. మిల్స్ అనేవాళ్ళతో వాదించే ఓపిక నాకుంది, రండి.

వచ్చే వారానికి సమస్య, మళ్ళీ ఆటవెలదే:

"బంతి లేక యాడువాఁడె రాజు"

బ-వ యతి. ఆధారం కావాలంటే బెండిగో కుర్రాడు డైసన్ డేనియల్స్ వైపు చూడండి. 2024–25 ఎన్‌బీఏ సీజన్‌లో ఎదుటివాళ్ళ చేతుల్లోంచి 229 బంతులు లాక్కున్నాడు.

కొత్తగణం:
డేనియల్స్‌కు సూర్యగణం కుదురుతుందా అండీ?

యతిగోల:
ఒక్క గణంలో కుదరదు, "డేనియల్సు" అంటే రెండు సూర్యగణాలు. లేదంటే "డైసు" అని మొదలుపెట్టు.