చందమామ పాత సంచికలు కొందామంటే అమ్మేవాళ్ళు లేరు, పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్ చేసుకోవచ్చా?

గోదారిగట్టు:
మా నాన్నకి 76. ఈ మధ్య శుక్లాల ఆపరేషన్ అయ్యాక చూపు బాగా ఆనుతోంది, ఇక అప్పట్నుంచీ ఒకటే గొడవ, చిన్నప్పుడు చందమామలో ఒక సీరియల్ చదివేవాణ్ణిరా, మా బాబాయి పుస్తకం తేవడం మానేశాడు, చివరి మూడు భాగాలు చదవనేలేదు అని. పత్రిక ఆగిపోయి పదేళ్ళు దాటింది. కోఠీలో తిరిగా, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికా, దొరికినవన్నీ ఎనభైల్లోవి, అవీ అట్టలు ఊడినవి. ఒకాయన దగ్గర పాత బైండు ఉందిగానీ ఆయన చెప్పిన రేటుకి నాకు నోట మాట రాలేదు. నెట్‌లో చూస్తే ఎవరో పాత సంచికలన్నీ స్కాన్ చేసి పెట్టేశారు. తీసుకుంటే తప్పా? డబ్బులిద్దామన్నా పుచ్చుకునేవాళ్ళేరి?

బఠాణీల పొట్లం:
దీనికి కూడా టెన్షనేంటండీ, తీసుకోండి. మా అమ్మ మా చందమామలన్నీ పాత పేపర్లతో కలిపి కిలోల లెక్కన తూకానికి వేసేసింది. ఆ స్కాన్లే లేకపోతే మా పిల్లలకి చూపించడానికి ఏముంది? అమ్మనివాడికి నష్టమేంటి?

ప్లీడరుగారబ్బాయి:
నష్టం సంగతి వేరు, చట్టం వేరు. అమ్మడం లేదు కాబట్టి తీసుకోవచ్చు అని 1957 కాపీరైట్ చట్టంలో ఎక్కడా లేదు. పత్రిక 2007లో చేతులు మారింది, తర్వాత ఆగింది, అయినా హక్కులు ఎవరో ఒకరి పేరు మీదే ఉంటాయి. పాతవి కదా, గడువు తీరిపోయి ఉంటుంది అనుకోకండి. మామూలుగా రచయిత పోయాక 60 ఏళ్ళు. పేరు లేకుండా అచ్చయితే అచ్చయినప్పట్నుంచి 60, కానీ ఈలోపు రాసిందెవరో బయటపడితే మళ్ళీ మొదటి లెక్కే. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు పేరు లేకుండానే వచ్చేవి, ఆయనే రాశారని తర్వాత లోకానికి తెలిసింది, పోయింది 2010లో. ఆ లెక్కన 2070 చివరిదాకా. సొంతానికి చదువుకోవడానికి సెక్షన్ 52లో కొంత వెసులుబాటు ఉంది, అది పుస్తకం మొత్తానికి వర్తిస్తుందా అన్నది కోర్టులో తేల్చుకోవాల్సిన మాట. నెట్‌లో పెట్టడం, ప్రింట్లు తీసి అమ్మడం మాత్రం దాని కిందికి రానే రావు.

స్కానర్ మామయ్య:
అంటే నేనే దొంగనన్నమాట 😀 ఓ నలభై సంచికలు చేశాను. పిన్నులు ఊడదీసి ఒక్కో కాగితం పరవాలి, యాభైల నాటి కాగితం మడత దగ్గర అప్పడంలా విరుగుతుంది. వెనక పేజీ బొమ్మ ఇటు కనబడకుండా నల్ల అట్ట ఆనించాలి. ఎవరైనా హక్కుదారు వచ్చి తీసెయ్యమంటే తీసేస్తా, మళ్ళీ అచ్చు వేస్తే మొదటి సెట్టు నేనే కొంటా. నాకు మండేది మా స్కాన్లే పెన్‌డ్రైవ్‌లో వేసి అమ్మేవాళ్ళని చూస్తే. గోదారిగట్టు గారూ, డబ్బులిస్తానన్నారుగా, వాళ్ళకి మాత్రం ఇవ్వకండి. ఇంతకీ ఏ సీరియల్? బొమ్మలు చిత్రా గారివా?

గోదారిగట్టు:
పేరు గుర్తులేదట, బొమ్మలెవరివో అసలే తెలీదు. పడవ ఉంటుందిరా అంటారు, అంతే. ఏ సంవత్సరం అంటే మా బాబాయికి గుంటూరు నుంచి బదిలీ అయిన ఏడు అంటున్నారు. రేపు మేనత్తకి ఫోన్ చేసి కనుక్కుని చెప్తా.