నది తెచ్చే నత్రజని లెక్కను బట్టి తీరానికి లక్ష్యాలు పెట్టవచ్చా?

చర్చ ప్రారంభించినవారు:
2018 వేసవిలో మెక్సికో సింధుశాఖ అడుగున ఆక్సిజన్ కొరవడిన నీరు సుమారు 15,000 చదరపు కిలోమీటర్ల మేర ఉంటుందని మోడళ్లు ముందుగా అంచనా కట్టాయి; నౌకలో వెళ్లి కొలిస్తే తేలింది దాదాపు 7,000 మాత్రమే. మే నెలలో మిసిసిపీ నది మోసుకొచ్చే నైట్రేట్‌ను (ఎరువుల నుంచి నీటిలో కలిసే నత్రజని రూపం) చూసి వేసిన అంచనా సగానికి సగం తప్పినప్పుడు, అదే లెక్కను పట్టుకుని ఎగువన ఎరువులకు కోత పెట్టమనడం ఎంతవరకు సమంజసం?

మొదటి స్పందన:
మీరు చెప్పిన అంకెలు సరైనవే గాని, నది లెక్క తప్పని అవి నిరూపించవు. తేలికైన నదినీరు ఉప్పునీటి మీద పొరగా పరుచుకుంటుంది. నైట్రేట్‌తో పెరిగిన శైవలాలు (నాచు వంటివి) చచ్చి అడుగుకు చేరితే, వాటిని కుళ్లబెట్టే బ్యాక్టీరియా అక్కడి ఆక్సిజన్‌ను వాడేస్తుంది, పై పొర అడ్డుండడం వల్ల కొత్త ఆక్సిజన్ కిందికి దిగదు. ఇందులో నది ఇచ్చేది మేత, ఆ మంచినీటి పొర మాత్రమే. కొలతకు ముందు గాలులు పొరలను కలిపేస్తే, ఎంత నైట్రేట్ వచ్చినా ఆ వారం విస్తీర్ణం తగ్గిపోతుంది. 2018లో శాస్త్రజ్ఞులు చెప్పిన కారణం గాలులే. 2035 నాటికి 5,000 చదరపు కిలోమీటర్ల లోపుకు తేవాలన్న లక్ష్యం కూడా ఒక్క వేసవికి కాదు, ఐదేళ్ల సగటుకు పెట్టినది.

చర్చ ప్రారంభించినవారు:
గాలి సంగతి ఒప్పుకుంటున్నాను. నా అసలు బాధ మరొకటి. ఏళ్ల తరబడి చల్లిన నత్రజనిలో పంటకు అందని భాగం నేలలోను, భూగర్భజలంలోను నిల్వ ఉండి నెమ్మదిగా నదిలోకి ఊరుతుంది. వేసిన నత్రజని అంతా పంటే పీల్చుకునేలా చేసినా లక్ష్యం చేరడానికి దశాబ్దాలు పడుతుందని మిసిసిపీ పరీవాహక ప్రాంతంపై 2018లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. ఈ నిల్వను పట్టించుకోని మోడల్, కోత పెట్టిన ఏడాదే ఫలితం వస్తుందని చెబుతుంది. రాకపోతే నింద రైతు మీద పడుతుంది.

రెండవ స్పందన:
ఆలస్యం నిజమే గాని, అన్ని తీరాలకూ ఒకే ఆలస్యం ఉండదు. 1990 ప్రాంతంలో డాన్యూబ్ పరీవాహక దేశాల్లో ఆర్థిక వ్యవస్థలు కుప్పకూలి ఎరువుల వాడకం పడిపోయినప్పుడు, ఆ నది కలిసే నల్ల సముద్రపు వాయవ్య తీరం కొన్నేళ్లలోనే కోలుకోవడం మొదలుపెట్టింది. నత్రజనిని ఒంటరిగా లెక్కించడమే నాకు అంతకన్నా పెద్ద లోపంగా కనిపిస్తోంది. డయాటమ్‌లనే శైవలాలకు నత్రజనికి దాదాపు సమానమైన మోతాదులో సిలికా కావాలి. సిలికా ఆనకట్టల వెనుక ఆగిపోయి మిగిలిన పోషకాలు మాత్రం దిగివస్తే, వాటి చోటును ఒక్కోసారి విషపూరితమైన శైవలాలు ఆక్రమిస్తాయి. నత్రజని, భాస్వరం, సిలికాలను నదుల వారీగా లెక్కించే గ్లోబల్ న్యూస్ (Global NEWS; పరీవాహక ప్రాంతాల నుంచి పోషకాల తరలింపు అనే ఆంగ్ల పేరుకు పొట్టి రూపం) మోడల్ ఉండనే ఉంది, అయితే అది ఇచ్చేది ఏడాది మొత్తమే, మే నెల వరద అందులో కనిపించదు. అయినా కోతను ఆపవలసిన అవసరం నాకు కనిపించదు. లక్ష్యం పెట్టిన సంవత్సరం పక్కనే, నేలలోని నిల్వ ఖాళీ కావడానికి పట్టే కాలాన్ని కూడా ప్రకటిస్తే, మీరు భయపడుతున్న నింద చాలావరకు తప్పుతుంది.