వెయ్యి లోపు వైరు ఇయర్‌ఫోన్లు: పాట బాగుండాలి, ఏడాదైనా నిలవాలి

రాత్రిబస్సు: వారం వారం హైదరాబాద్ నుంచి కర్నూలుకు రాత్రి బస్సులో వెళ్తాను. ఏడాదిలో ఇది మూడో జత. ప్రతిసారీ జాక్ మెడ దగ్గరే తెగుతుంది, ముందు ఎడమ చెవి మూగబోతుంది. గట్టిది ఏదైనా చెప్పండి. మైక్ కూడా బాగుండాలి, అమ్మతో మాట్లాడుతుంటాను.

టంకం: తెగినవి పారేశారా? నాకు ఇదే వృత్తి. లోపలి తీగలు వెంట్రుకంత సన్నం, పైన రంగు లక్క పూత. ఆ పూతను వేడితో కాల్చకుండా టంకం పెడితే అంటుకోదు. ఇంట్లో చేసుకుని "బాగుకాలేదు" అనేవాళ్లంతా అక్కడే తప్పుతారు. ఈసారి ఎల్ ఆకారపు జాక్ ఉన్నది కొనండి.

తొప్పి: గట్టిదనం సరే, శబ్దం? ఒక మృదంగం తని, అంటే కచేరీలో తాళవాద్యం మాత్రమే మోగే ఘట్టం, పెట్టి వినండి. తొప్పి, అంటే మృదంగం ఎడమ పక్క, గుమ్మని మోగి, మోగినంత చక్కగా ఆగాలి. చవక వాటిలో ఆ గుమ్ము గాయకుడి గొంతు మీద దుప్పటిలా పడుతుంది. దాన్నే బేస్ అని మురిసిపోతారు.

వందగంటలు: పెట్టెలోంచి తీయగానే తీర్పులా! వంద గంటలు మోగించాలి. అప్పుడు డ్రైవర్, అంటే లోపల శబ్దం పుట్టించే భాగం, దాని పొర సడలి శబ్దం విచ్చుకుంటుంది. పదిహేనేళ్లుగా వింటున్నవాడిగా చెబుతున్నాను.

టంకం: సడలేది పొర కాదు, మీ చెవి అలవాటు పడుతుంది. ఒకే రకం రెండు జతలు కొని, ఒకటి మోగించి, ఒకటి మూసి ఉంచి, ఏది ఏదో చూడకుండా పోల్చారా?

వందగంటలు: తేడా వినపడనివాళ్లకు ఏం చెప్పినా దండగే.

టంకం: రోజుకు రెండు గంటల చొప్పున వంద గంటలంటే యాభై రోజులు. అప్పటికి వాపసు గడువు ఎప్పుడో దాటిపోతుంది. ఈ నమ్మకం ఎవరికి లాభమో ఆలోచించండి.

చిన్నచెవి: మీ ఇద్దరూ పోట్లాడుకోండి. బేస్ లేదని నేను రెండు జతలు మూలన పడేశాను. తీరా చూస్తే రబ్బర్లు నా చెవికి పెద్దవి, పక్కనుంచి గాలి పోతోంది. డబ్బాలోని చిన్నవి తొడిగితే అదే పాట నిండుగా పలికింది. వేలితో కాస్త లోపలికి నొక్కినప్పుడు బేస్ పెరిగితే రబ్బరు సరిపోలేదన్నమాట. ఒక వైపు సన్నగా వినిపిస్తే జాలీలో గులిమి ఉందేమో చూడండి.

తొప్పి: మృదంగానికీ అంతే, తొప్పికి కచేరీ ముందు రవ్వ ముద్ద సరిగ్గా అద్దకపోతే గుమ్ము ఉండదు.

చిన్నచెవి: బొంబాయి రవ్వేనా?

తొప్పి: అదే. నీళ్లతో ముద్ద చేసి, తడి ఆరకముందే వాయించాలి.

రాత్రిబస్సు: నిన్న ఎల్ జాక్‌ది ఒకటి కొన్నాను. పాట బాగుంది. కానీ అమ్మకు నా మాటకంటే బస్సు ఇంజను ఎక్కువ వినిపిస్తోందట. మైక్ సంగతి ఎవరైనా చెబుతారా?

వందగంటలు: ఎన్ని గంటలు మోగించారు?