ఊతపదమా, మకుటమా? కస్తూరి శివరావు ‘గిడిగిడి’ గురించి

పాతతరం హాస్యనటులు పదేపదే పలికే మాటను ‘ఊతపదం’ అంటే కొంచెం చులకన చేసినట్లుందనీ, ‘మకుటం’ అంటే బాగుంటుందనీ ఒక చర్చలో ఒక సభ్యులు ప్రతిపాదించారు. గౌరవం సంగతి అలా ఉంచి, ఆ రెండు మాటలూ చేసే పనులు వేరని నా మనవి. మకుటానికి స్థానం నిశ్చితం. వేమన పద్యంలో నాలుగో పాదం దగ్గరకు రాగానే ‘విశ్వదాభిరామ’ వస్తుందని వినేవాడికి ముందే తెలుసు, దాని కోసం చెవి సిద్ధంగానే ఉంటుంది. ఊతపదానికి అలాంటి స్థానం లేదు. ‘ఊను’ అన్న క్రియ నుంచి వచ్చిన ఊత, తర్వాతి మాట అందేలోపు నోరు ఆనుకునే ఆసరా మాత్రమే. మనలో చాలామంది ‘అదేనండీ’, ‘ఏమంటారు’, ‘అంటే మరి’ అని తెలియకుండానే అనేస్తుంటాం. నిత్యజీవితంలో తడబాటుకు గుర్తైన ఈ అలవాటును నటుడు తెలిసి, కొలిచి, అనుకోని చోట వేసినప్పుడు అది హాస్యమవుతుంది. కన్యాశుల్కంలో గిరీశం ‘డామిట్’ కూడా ఈ కోవలోదే కానీ, దాన్ని ఎవరూ మకుటమనరు.

దీనికి ‘గిడిగిడి’ అంటూ నవ్వించిన పాతతరం హాస్యనటుడు కస్తూరి శివరావును మించిన ఉదాహరణ నాకు తోచదు. రేలంగి పేరు తెలిసినంతగా ఈయన పేరు నేటివారికి తెలియదు కాబట్టి కొంత వివరంగా చెప్పవలసి ఉంది. 1913లో పుట్టిన శివరావు సినిమాతో సంబంధం పెట్టుకున్నది తెర మీద కాదు, తెర పక్కన. మూకీల కాలంలో బొమ్మకూ బొమ్మకూ మధ్య వచ్చే అక్షరాలు చదవగలిగినవారు హాల్లో కొద్దిమందే కనుక, జరుగుతున్న కథను జనానికి తెలుగులో చెప్పడానికి ఒక వ్యాఖ్యాత ఉండేవాడు, శివరావు ఆ పని చేశాడు. ఆ పనిలో ముందుగా పట్టుబడవలసిన విద్య గొంతు. నేల తరగతిలో కూర్చున్నవారి మాటలనూ, పిల్లల ఏడుపులనూ దాటి చివరి వరుసకు వినిపించాలి. బొమ్మ ఆగినా, రీలు మార్చేటప్పుడు దీపాలు వెలిగినా జనం చెదిరిపోకుండా ఏదో ఒకటి అంటూనే ఉండాలి. అర్థం లేని శబ్దమైనా సరే, సరైన క్షణంలో పడితే హాలు నిలుస్తుందన్న ఎరుక ఆయనకు అక్కడే అబ్బి ఉంటుందని నా ఊహ.

1932లో భక్త ప్రహ్లాదతో తెలుగు తెర మాట్లాడటం మొదలుపెట్టాక వ్యాఖ్యాతల అవసరం తీరిపోయింది. శివరావు చేతిలో నాటకరంగం ఉంది, పాడగల గొంతు ఉంది. కాళ్లకూరి నారాయణరావు నాటకాన్ని సి. పుల్లయ్య 1939లో వరవిక్రయంగా తెరకెక్కించినప్పుడు అందులో నటించాడు. ఆ తర్వాత స్వర్గసీమ, 1948లో బాలరాజు. ఆ మరుసటి ఏడు లైలా మజ్ను, రక్షరేఖ, గుణసుందరి కథ వరుసగా వచ్చాయి.

గుణసుందరి కథలో దర్శకుడు కె.వి. రెడ్డి చేసిన సాహసం గమనించదగ్గది. గోవిందరాజుల సుబ్బారావు రాజు, జూనియర్ శ్రీరంజని మూడో కూతురు గుణసుందరి. తండ్రి ఆగ్రహించి ఆమెను కట్టబెట్టే అవిటి భర్త దైవాధీనం పాత్రకు, అంటే కథానాయకుడికి, హాస్యనటుడైన శివరావును ఎంచుకున్నారు. ‘గిడిగిడి’ ఆ పాత్ర నోటి మాటే. ఊతపదాలు సాధారణంగా సేవకుడికో, తిండిపోతుకో, రాజుగారి బావమరిదికో దక్కుతాయి. ఇక్కడ అది నాయకుడి నోట పడి, ఆ రోజుల్లో జనం నోళ్లలోకీ వెళ్లింది.

ఆ సినిమాకు మాటలు రాసినవారు పింగళి నాగేంద్రరావు. ఆయన కల్పించిన ఇతర పదాలతో పోల్చితే దీని తీరు తెలుస్తుంది. మాయాబజార్‌లోని ‘తసమదీయులు’ విని నవ్వాలంటే ‘అస్మదీయులు’ (మనవాళ్లు) తెలిసి ఉండాలి, దాని పక్కన ‘అసమదీయులు’ వినబడాలి. అది వ్యాకరణం మీద ఆడిన ఆట. పాతాళభైరవిలోని ‘సాహసం శాయరా డింభకా’కు అర్థం స్పష్టంగానే ఉంది, ఉచ్చారణలోనే గమ్మత్తు. గిడిగిడికి మాత్రం అర్థమూ లేదు, వెనక మరో పదమూ లేదు. కాగితం మీద చదివితే ఎవరికీ నవ్వు రాదు. దాని బరువంతా పలికినవాడి మీదే ఉంది.

పొట్టి అన్న అర్థంలో ఉన్న ‘గిడ్డ’తోనూ, ‘గిడసబారు’తోనూ దీన్ని ముడిపెట్టిన మిత్రుల వ్యాఖ్య ఆ చర్చలోనే చదివాను. పుంగనూరు గిడ్డ మనందరికీ తెలిసిన మాటే, అవిటి రూపంలో ఉన్న పాత్ర కాబట్టి ఆ వ్యుత్పత్తి ఆకర్షణీయంగానూ ఉంది. కానీ ధ్వనిసామ్యం ఒక్కటే ఆధారమైతే గిరగిరతోనూ గడగడతోనూ ముడిపెట్టవచ్చు. నేను దాన్ని అనుకరణ శబ్దాల కుటుంబంలో ఉంచడానికే ఇష్టపడతాను.

గిడిగిడి తర్వాత శివరావు తానే దర్శకుడై 1950లో పరమానందయ్య శిష్యులు తీశాడు. గుణసుందరి కథలో ఆయనతో కలిసి నటించిన రేలంగి 1951లో పాతాళభైరవి నుంచి ఏటేటా ఎదిగాడు, శివరావుకు అవకాశాలు తగ్గాయి. ఒక ఊతపదానికి కట్టుబడినందువల్లే ఇలా జరిగిందని కొందరంటారు గానీ నాకు నమ్మకం లేదు. ఒక్క మాట ఒక నటుణ్ణి ముంచదు. రేలంగి ప్రతి పాత్రకూ ఒక కొత్త మనిషిని తయారు చేసుకున్నాడు, అప్పటి సినిమాకు అది నచ్చింది. శివరావు 1966లో కన్నుమూశాడు.

ఇక రాసే పద్ధతి. ‘గిడి గిడి’ అని విడదీయాలా అని ఆ చర్చలో వచ్చిన ప్రశ్నకు, కలిపి రాయడమే మేలని నా అభిప్రాయం. ‘ఆహా ఆహా’, ‘పోపో’ వంటి వాటిలో ఒక మాట విడిగా నిలబడుతుంది, దాన్ని రెండుసార్లు అన్నప్పుడు రెండోది ఆమ్రేడితమవుతుంది. విడి ‘గిడి’ని శివరావు కోసం ఎవరూ వాడలేదు. గజగజలోంచి ఒక ‘గజ’ తీస్తే ఏనుగు మిగులుతుందే తప్ప వణుకు మిగలదు, ఇదీ అంతే.