ఎండు నెత్తళ్లలో ప్లాస్టిక్ ఉంటుందంట, నిజమేనా? ఇంట్లో పంచాయతీ తెగడం లేదు

తుమ్మలపెంట అబ్బాయి:

అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర తుమ్మలపెంట. నెల్లూరులో సెల్‌ఫోన్లు రిపేరు చేసే షాపు పెట్టుకుని ఎనిమిదేళ్లయింది. విషయం చిన్నదే, కానీ మూడు వారాలుగా ఇంట్లో ఎవరికీ అన్నం సరిగ్గా దిగడం లేదు.

మా అమ్మ ఎండు చేపలు అమ్ముతుంది. పెద్ద వ్యాపారమేం కాదు. బోట్ల దగ్గర పచ్చి నెత్తళ్లు గంపల లెక్కన కొని, ఎండబెట్టి, కావలికి తీసుకెళ్లి అమ్ముకుంటుంది. నెలకోసారి నెల్లూరు వచ్చేవాళ్ల చేతికిచ్చి మాకూ ఒక సంచి పంపిస్తుంది. ఆ సంచి వచ్చిన రోజు మా ఇంట్లో పండగే. మామిడికాయలు దొరికే రోజుల్లో అయితే ఇంక చెప్పక్కర్లేదు. మా పాపకి నాలుగేళ్లు, కంచంలో నెత్తళ్లు లెక్కపెట్టుకుని మరీ తింటుంది.

పోయిన నెల మా ఆవిడ ఫోన్‌లో ఏదో వీడియో చూసింది. చేపల కడుపులో ప్లాస్టిక్ ఉంటుందని, పెద్ద చేపకైతే పేగులు తీసేస్తాం గానీ చిన్న చేపల్ని కడుపుతో సహా నమిలేస్తాం కాబట్టి అదంతా మన ఒంట్లోకే వస్తుందని అందులో చెప్పారంట. ఆ రోజు నుంచి నెత్తళ్లు బంద్. సంచి ఫ్రిజ్ మీద అలాగే ఉంది, విప్పను కూడా లేదు.

అమ్మ ఫోన్ చేసి "ఈ తూరి నెత్తళ్లు ఎట్టుండాయిరా" అని అడిగింది. అబద్ధం చెప్పలేక నసిగాను. ఆమెకి అర్థమైపోయింది. "సముద్రం ఒడ్డున పుట్టినోడివి, నీకు నా చేతి చేపలు పనికిరాకుండా పొయ్యాయా" అంది. అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. "మీ ఆవిడ సాయంత్రమైతే కాలిపోయే టీ ప్లాస్టిక్ కవర్లో కట్టించుకోని తెప్పిస్తది గదా, అది ఎవురి కడుపులోకి పోతందిరా?" అనింది. ఆ టీ తెచ్చేది నేనే. ఫోన్ పెట్టేశాను.

అమ్మ తరఫున మాట్లాడదామన్నా నాకు గట్టిగా నోరు రావడం లేదు. 2021 నవంబరులో పెన్నకి వరద వచ్చింది కదా, నీళ్లు తీశాక ఒక రోజు మైపాడు వెళ్లాను. ఇసక కనపడలేదు. తూటికాడ, గడ్డి, వాటి మధ్యలో కవర్లు, వాటర్ ప్యాకెట్లు, ఒక్కోచోట మోకాలెత్తు. నెల్లూరులో మనం కాలవలో వేసిందంతా పెన్న మోసుకెళ్లి సముద్రానికి అప్పజెప్పింది. అదంతా ఎక్కడికి పోయి ఉంటుంది?

కాబట్టి తెలిసినవాళ్లు చెప్పండి. నెత్తళ్లలో నిజంగా ప్లాస్టిక్ ఉంటుందా? ఉంటే తలకాయ గిల్లి, కడుపు తీసేస్తే పోతుందా? పాపకి పెట్టొచ్చా?

పులుసు ప్రియుడు:

ఆ ఫ్రిజ్ మీద సంచి ఎవరికీ అక్కర్లేకపోతే మాగుంట లేఔట్‌లో నా అడ్రస్ పంపిస్తాను. వంకాయలు నావే.

బోటు మనిషి:

తమ్ముడూ, మాది కొత్తపట్నం పక్క. ఇరవై రెండేళ్లుగా వేట చేస్తున్నా. చదువు తక్కువ, కళ్లతో చూసింది చెప్తా.

నెత్తళ్ల వల కన్ను చాలా సన్నం. దానికి చేపా చెత్తా తేడా తెలీదు. వానలు పడి ఏర్లు పారిన తర్వాత వల లాగితే షాంపూ ప్యాకెట్లు, గుట్కా ప్యాకెట్లు, ఒంటి చెప్పులు, సెలైన్ సీసాలు అన్నీ వస్తాయి. చేప ఏరుకుని మిగతాది మళ్లీ నీళ్లలోకే వేస్తాం. తిట్టుకోవద్దు. ఒడ్డుకి తెచ్చినా మా పల్లెకి చెత్త బండి రాదు, గాలొస్తే మళ్లీ సముద్రంలోకే పోతుంది. ఈ మధ్య ఒక గోతంలో వేసి తెస్తున్నా, నిండితే కాల్చేస్తున్నా. అది తప్పని మా అబ్బాయి అంటాడు. మరి ఏం చెయ్యాలో వాడూ చెప్పడు.

కవర్లకంటే నాకు వలలే భయం. మా తాత కాలంలో నూలు వలలు. చెట్ల బెరడు ఉడకేసిన నీళ్లలో ముంచి ఆరబెట్టుకునేవాళ్లు. అది తెగి సముద్రంలో పడితే కొన్నాళ్లకి కుళ్లిపోయేది. ఇప్పుడు నైలాన్. అది నీళ్లకంటే బరువు, అడుక్కి పోయి కూర్చుంటుంది. కుళ్లదు. మనిషి లేకపోయినా దాని వేట అది చేస్తానే ఉంటుంది. పీతలు చిక్కుతాయి, వాటిని తినడానికొచ్చిన చేపలు చిక్కుతాయి, అవి చస్తే ఇంకొకటి వస్తుంది. సంక్రాంతి దాటాక తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి చూడు, రెండేళ్ల కింద ఆ రోజుల్లోనే ఒకటి పాత వల ముద్దలో మెడ ఇరుక్కుని తేలతా కనపడింది. కత్తితో కోసి వదిలా. ఆ వల ఎవరిదో నాకు తెలుసు, వాడికీ తెలుసు. తెగిన వల ఖరీదు తల్చుకుని ఏడ్చేవాడిని ఇంకేం అంటాం.

నీ సంగతికొస్తే ఒక మాట అడుగుతా. మీ అమ్మ నెత్తళ్లు దేని మీద ఎండేస్తుంది? మా దగ్గర ముందు ఇసక మీదే ఎండేసేవాళ్లు. ఇసక అంటితే బేరగాళ్లు రేటు కోస్తున్నారని ఇప్పుడు నీలం పట్టాలు, పాత వలలు పరుస్తున్నారు. ఆ పట్టా రెండో ఎండాకాలానికి చేత్తో నలిపితే పిండిలాగా రాలుతుంది. నువ్వు చేప కడుపులో వెతుకుతున్నావు, ముందు చేప వీపు చూడు.

ముత్తుకూరు పూర్వ విద్యార్థిని:

బోటు అన్న చివర్లో అడిగింది చాలా పెద్ద మాట. నేను ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదివాను, ఇప్పుడు ఒక రొయ్యల ల్యాబ్‌లో పని. నాకు తెలిసింది చెప్తాను.

5 మిల్లీమీటర్ల కంటే చిన్న ముక్కల్ని మైక్రోప్లాస్టిక్ అంటారు. ఆ పేరు వాడుకలోకి వచ్చింది 2004లో, ఇంగ్లండ్‌లో రిచర్డ్ థాంప్సన్ అనే శాస్త్రవేత్త రాసిన పరిశోధన పత్రంతో. వీటిని చేపలో వెతకాలంటే చేపని పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెడతారు. కండ, పేగు అన్నీ కరిగిపోతాయి, ప్లాస్టిక్ చాలావరకు మిగులుతుంది. దాన్ని వడకట్టి మైక్రోస్కోప్ కింద చూస్తారు. చాలాసార్లు కనిపించేవి కవరు ముక్కలు కాదు, దారపు పోగులు. వలల నుంచి, తాళ్ల నుంచి, మనం ఉతికే పాలిస్టర్ బట్టల నుంచి వచ్చేవి.

చేపలు ఎందుకు తింటాయంటే, పొరపాటున మింగడం ఒకటే కారణం కాదు. నీళ్లలో కొన్నాళ్లున్న ప్లాస్టిక్‌కి పాచి పడుతుంది, దానికి తిండి వాసన వస్తుంది. 2017లో అమెరికాలో నెత్తళ్ల బంధువులైన ఆంకోవీ చేపల మీద ప్రయోగం చేశారు. పాచి పట్టిన ప్లాస్టిక్‌ని నానబెట్టిన నీళ్లు తగలగానే అవి మేత దొరికినప్పుడు తిరిగినట్టే గుంపుగా తిరిగాయి. శుభ్రమైన ప్లాస్టిక్ వాసనని పట్టించుకోలేదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. కడుపు తీస్తే పోతుందా అంటే, అక్కడే తిరకాసు ఉంది. అదే 2017లో మలేషియా బజార్లలో కొన్న నాలుగు రకాల ఎండు చేపల్ని పరీక్షించారు, అందులో నెత్తళ్ల జాతి ఒకటి, మన కానాగంతలు ఒకటి. ఆ నాలుగింట్లో రెండు రకాలకి, లోపలి భాగాలు తీసేసిన చేపలోనే ఆ తీసేసిన భాగాల్లో కంటే ఎక్కువ ప్లాస్టిక్ దొరికింది. అంటే కొంత సముద్రంలో కాదు, ఒడ్డుకి వచ్చిన తర్వాత అంటుకుని ఉండొచ్చు. పట్టా ఏదైనా ఎండకి పెళుసైపోతుంది, పొడి రాలుతుంది. అన్న చెప్పింది అదే.

భయం విషయానికి వద్దాం. 2022లో నెదర్లాండ్స్‌లో 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ ఆనవాళ్లు దొరికాయి. వాళ్లెవరూ తుమ్మలపెంట నెత్తళ్లు తిన్నవాళ్లు కాదు కదా! ఇది గాల్లో ఉంది, నీళ్లలో ఉంది, మన సముద్రపు ఉప్పులోనూ ఉందని 2018లో ఐఐటీ బాంబే వాళ్లు తేల్చారు. తాగే నీళ్లలో ఉన్న మోతాదుకి ప్రమాదం ఉన్నట్టు కనపడటం లేదని, ఇంకా పరిశోధన కావాలని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మరోపక్క ముల్లుతో సహా తినే చిన్న చేపలో కాల్షియం ఉంది, మాంసకృత్తులు ఉన్నాయి. నేనైతే నా బిడ్డకి మానను. తల గిల్లి, దాంతోపాటు వచ్చే నల్ల పేగు లాగేసి, గోరువెచ్చని నీళ్లలో రెండు మూడు సార్లు కడిగి వండుతాను.

టీ విషయంలో మీ అమ్మగారికే నా ఓటు. 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు పేపర్ కప్పుల్లో వేడి నీళ్లు పోసి చూశారు. లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది కదా, 15 నిమిషాల్లో 100 మిల్లీలీటర్ల నీళ్లలోకి దాదాపు 25,000 రేణువులు దిగాయి. కాగితం కప్పుకే అలా ఉంటే, ఉత్త కవరు మీద నాకేం మంచి అభిప్రాయం లేదు.

అన్నట్టు, సెల్‌ఫోన్ బోర్డులు చూడటానికి మీ షాపులో మైక్రోస్కోప్ ఉంటుందేమో? పోగు కనపడితే ఎర్రగా కాల్చిన సూది దగ్గరికి పెట్టండి. ప్లాస్టిక్ అయితే మెలికపడి ముద్దగా కరుగుతుంది. నూలు అయితే కరగదు, కాలి మసవుతుంది. ఇది పక్కా పరీక్ష కాదు, మొదటి వడపోత మాత్రమే.

గుంటల రైతు:

ఇందుకూరుపేట మండలంలో నాకు రెండు వనామీ రొయ్యల గుంటలున్నాయి. బోటన్న ఉన్నమాట చెప్పాడు కాబట్టి నేనూ చెప్తాను. మేత బస్తా ఖాళీ అయితే పాత బస్తాలు కొనేవాడు పట్టుకుపోతాడు. లోపలి పల్చటి కవరు ఎవడికీ అక్కర్లేదు, గట్టు మీద పడి ఉంటుంది. మందుల డబ్బాలు, పక్షులు రాకుండా కట్టే దారాలు కూడా అంతే. పట్టుబడి అయ్యాక నీళ్లు వదిలితే కొంత కాలవలోకి, అక్కడి నుంచి ఉప్పుటేట్లోకి. నెల్లూరు టౌన్ వాళ్లదే తప్పన్నట్టు మా ఊళ్లో మాట్లాడతాం గానీ, మా గుంటల నుంచి సముద్రానికి దూరం ఇంకా తక్కువ.

బోటు మనిషి:

అయితే గురువా, నా వల్లో పడే తెల్ల కవర్లు నీవేనా? కార్తీకంలో నీళ్లు దక్షిణానికి లాగుతాయి కాబట్టి నీవి నా దాకా రావులే. కింద కృష్ణపట్నం వాళ్లకి పోతాయి. నాకొచ్చేవి పైన కృష్ణా వాళ్లవి.

తుమ్మలపెంట అబ్బాయి:

అందరికీ థాంక్స్. ఆదివారం ఊరికి వెళ్లొచ్చాను, అందుకే ఆలస్యం.

ముందు షాపు సంగతి. ఆ సంచిలోంచి పది నెత్తళ్లు తీసి, శనివారం రాత్రి షట్టర్ దించాక ఒక్కొక్కటే మైక్రోస్కోప్ కింద పెట్టాను. మామూలుగా అక్కడ ఛార్జింగ్ ఐసీలు చూస్తుంటాను, చేప కన్ను చూసేసరికి అదోలా అనిపించింది. పొట్ట పక్కన వెండి గీత ఎండిపోయినా అద్దంలా మెరుస్తుంది, అంత అందంగా ఉంటుందని ఇన్నేళ్లు తిని కూడా తెలియదు. మొదటి మూడింటి మీద ఇసక రేణువులు తప్ప ఏం లేవు. నాలుగోదాని వీపు మీద, రెక్క కింద, నీలం పోగు. వెంట్రుక కంటే సన్నం. ట్వీజర్‌తో లాగితే చర్మంతో సహా లేచింది, ఎండేటప్పుడే అతుక్కుపోయినట్టుంది. పదింట్లో మూడింటికి అలాంటివి దొరికాయి. సూది కాల్చి దగ్గరికి పెట్టగానే పోగు వానపాములా మెలికపడి చిన్న నల్ల చుక్క అయిపోయింది.

అది పట్టాదేనని ప్రమాణం చేయలేను. కానీ ఊళ్లో దిగగానే నేరుగా ఆరబెట్టే చోటికి వెళ్లాను. నీలం పట్టా, అంచులు చీలికలు. బొటనవేలుతో రుద్దితే గోరులో నీలం పొడి చేరింది. అమ్మకి చూపించాను. చాలాసేపు నా వేలు పట్టుకుని చూసింది. "ఇది చేపది గాదురా, నాది" అంది. నాకు ఏం మాట్లాడాలో తోచలేదు.

తర్వాత మామూలు మనిషైపోయింది. ఇసక మీద వేస్తే బేరగాడు కిలోకి ఇంత కోస్తాడని వేళ్ల మీద లెక్క చెప్పింది. తాటాకు చాపలైతే ఎన్ని కావాలో, ఎవరు అల్లుతారో కూడా ఆమెకే తెలుసు. "ఎనిమిది చాపలు. డబ్బులు నువ్వే ఇయ్యాల" అంది. ఇచ్చాను.

మా ఆవిడ నిన్న సంచి విప్పింది. తలలు గిల్లడానికి ముప్పావు గంట పట్టింది, పాప కూడా కూర్చుని నాలుగు గిల్లింది. టీకి స్టీలు ఫ్లాస్క్ కొన్నాను, టీ కొట్టాయన "ఏంది సార్, ఎవరైనా ఆస్పత్రిలో ఉన్నారా" అని అడిగాడు.

పట్టా మాత్రం అమ్మ పారేయలేదు. మడతపెట్టి దాచింది. వానొస్తే కట్టెల మీద కప్పడానికంట.