ఓపెన్ టెన్త్ తెలుగులోనే రాయొచ్చు అక్కా

అక్కా, బెంగళూరులో ఉంటూనే పదో తరగతి పాసై, తర్వాత బీఏ చదవాలని ఉందన్నారు కదా. ఈ వయసులో పదో తరగతా అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్, ఎన్ఐఓఎస్‌లో 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు పరిమితి లేదు. మన రాష్ట్రాల ఓపెన్ స్కూల్లో చేరితే పరీక్షలకు ఊరెళ్లాల్సి వస్తుంది. ఎన్ఐఓఎస్ అయితే బెంగళూరులోనే రాసుకోవచ్చు, అదీ తెలుగు మీడియంలో. అప్లికేషన్ పిల్లలతో నింపిస్తే మీడియం దగ్గర తెలుగే పెట్టారో లేదో మీ కళ్లతో చూసుకోండి.

లెక్కలంటే భయమన్నారు. ఒక భాషతో కలిపి ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి, లెక్కలు తప్పనిసరి కాదు. మీ ఆశ బీఏ కాబట్టి తెలుగు, సాంఘికం, హోం సైన్స్ లాంటివి చూడండి. ఐదూ ఒక్కసారే రాయక్కర్లేదు. ఐదేళ్ల గడువులో తొమ్మిది అవకాశాలుంటాయి, పాసైనవి అలాగే నిలుస్తాయి. పరీక్షలు ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబర్-నవంబర్‌లో ఒకసారి. నా మాట వింటే మొదటిసారి రెండు సబ్జెక్టులకే పరీక్ష ఫీజు కట్టండి.

అన్నిటికన్నా ముందు పేరు సంగతి. మీ పాత టీసీలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉండి ఉంటాయి. మన ఆడవాళ్లలో చాలామందికి ఇదే చిక్కు. పుట్టిన తేదీ కూడా రెండింట్లో ఒకటేనా చూడండి. తేడా ఉంటే చేరకముందే సరిచేయించుకోండి. రేపు సర్టిఫికెట్ మీద తప్పు పడితే డిగ్రీ అడ్మిషన్ దాకా వెంటాడుతుంది.

స్టడీ సెంటర్లో తెలుగులో చెప్పేవాళ్లు దొరుకుతారని లెక్కేసుకోకండి, పుస్తకమే ఆధారం. చదవడం కన్నా రాయడమే కష్టం. ఇన్నేళ్లుగా సరుకుల చీటీ తప్ప ఏమీ రాయని చెయ్యి మూడు గంటల పేపరుకు ఆగదు, అరగంటకే వేళ్లు పట్టేస్తాయి, అక్షరం వంకర పోతుంది. ఈరోజు నుంచే రోజూ ఒక పేజీ, గడియారం ముందు పెట్టుకుని రాయండి. ఇంటి దగ్గర రాసి ఇచ్చే అసైన్‌మెంట్లు మాత్రం వదలొద్దు, వాటికి 20 శాతం మార్కులుంటాయి. పాస్ మార్కు 33 శాతమే.

“గ్యారంటీ పాస్” అనే బ్రోకర్లకు పైసా ఇవ్వకండి. ఫీజు నేరుగా ఆన్‌లైన్‌లో కట్టొచ్చు, ఆడవాళ్లకు తక్కువే.

హాల్ టికెట్ రాగానే సెంటర్ ఎక్కడో ముందు రోజే వెళ్లి చూసి రండి. ట్రాఫిక్ ఎక్కువుండే సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటాల్సి వస్తే ఎంత ముందు బయల్దేరాలో అప్పుడు తెలుస్తుంది. ఫారం నింపేటప్పుడు సందేహం వస్తే ఫోన్ చేయండి, పక్కన కూర్చుని నింపిస్తాను.