పాపకు ఎయిర్ పిస్టల్ ఇప్పుడే కొనాలా? అసలు తుపాకీ మీద అంత ఇష్టం ఎందుకు?

కొండాపూర్ అమ్మ:
మా అమ్మాయికి 14 ఏళ్లు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్ నాలుగు పతకాలు గెలిచినప్పటి నుంచి ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. ఇంట్లో తుపాకీ అంటే మా అత్తగారికి గుండె దడ. లైసెన్సు కావాలా? సొంతది కొనాలా? కాగితం మీద నల్ల చుక్కను కొట్టడంలో అంత ఆనందం ఏముందో కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

చట్టం తెలిసినాయన:
.177 బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు 4.5 మిల్లీమీటర్లు, 20 జౌళ్లకు మించని శక్తి ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదండీ. పోటీల ఎయిర్ పిస్టల్ శక్తి 6 జౌళ్ల దరిదాపుల్లోనే ఉంటుంది. మందుగుండుతో పేలే .22 పిస్టల్ దాకా వెళ్తే లెక్క వేరు. దానికి లైసెన్సు కావాలి, సిటీలో పోలీస్ కమిషనర్ ఇస్తారు, సొంత లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలి. ఆ సంగతి ఇప్పుడు వద్దు.

ఫ్రంట్‌సైట్:
ఆనందం ఎక్కడుందో చెప్తానమ్మా. చెయ్యి వణక్కుండా ఉండటం ఎవరి వల్లా కాదు. ఈ ఆటలో నేర్చుకునేది వణుకుతూనే గురి చెడకుండా చూసుకోవడం. పిస్టల్ పైన గురి చూసుకునే గుర్తులు రెండుంటాయి, వాటినే సైట్లు అంటారు. వెనక సైటుకీ ముందు సైటుకీ మధ్య 32 సెంటీమీటర్లు ఉందనుకోండి. ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు తిరిగితే 10 మీటర్ల దూరంలో దెబ్బ దాదాపు 30 మిల్లీమీటర్లు తప్పుతుంది, పది పాయింట్లు ఏడవుతాయి. అదే రెండు సైట్లూ సరిగ్గా కుదిరి, పిస్టల్ మొత్తం 5 మిల్లీమీటర్లు ఊగినా పదే వస్తుంది. అందుకే కన్ను ముందు సైటు మీదే ఉండాలి, టార్గెట్ మసకగా కనిపించాలి. కొత్తవాళ్లు చేసే తప్పు దీనికి తలకిందులు: నల్ల చుక్కనే చూస్తారు, అది సైటు మీదికి రాగానే ట్రిగ్గర్‌ని గబుక్కున లాగేస్తారు. కుడిచేతివాళ్లకు అప్పుడు దెబ్బలు కిందికీ ఎడమకీ పోతాయి.

ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు ఉండాలన్నది నియమం. ఆ బరువును వేలి మొదటి కణుపుతో కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే, పేలిన క్షణం మనకే ముందుగా తెలియదు. పోటీలో గంటా పదిహేను నిమిషాల్లో ఇలా 60 సార్లు చెయ్యాలి. ఏ దెబ్బ ఎందుకు తప్పిందో కాగితమే చూపిస్తుంది, సాకులు చెల్లవు. పిల్లలు దీన్ని వదలలేకపోవడానికి అసలు కారణం అదేనని నా నమ్మకం.

కొండాపూర్ అమ్మ:
ఇంత ఉందనుకోలేదండీ! మరి ఇంట్లో సాధన ఎలా?

సిలిండర్ అన్న:
ముందు కొన్ని నెలలు గచ్చిబౌలి వైపు షూటింగ్ రేంజ్‌లోనో, ఏదైనా అకాడమీలోనో వాళ్ల పిస్టల్‌తోనే నేర్పించండి. గ్రిప్, అంటే పిస్టల్ పిడి, అరచేతికి అతికినట్టు ఉండాలి. పాప చెయ్యి ఇంకా పెరుగుతుంది కాబట్టి తొందరపడి కొంటే డబ్బు వృథా.

కొన్నాక ఇంట్లో పెల్లెట్ (చిన్న సీసపు గుండు) లేకుండా ఖాళీ తెల్లగోడ ముందు సాధన చాలు. పోటీ పిస్టళ్లలో డ్రై ఫైర్ అమరిక, అంటే ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి సాధన చేసే వీలు, ఉంటుంది. స్ప్రింగ్ గన్‌ని మాత్రం ఖాళీగా పేల్చొద్దు: గాలి అడ్డు లేక పిస్టన్ ముందుకెళ్లి గుద్దుకుంటుంది, సీలు పోతుంది.

పిస్టల్‌కు గాలినిచ్చే సిలిండర్‌లో గాలి ఒత్తిడి సాధారణంగా 200 బార్ దాకా. దాని మీద తయారీ తేదీ చూడండి, పదేళ్లు దాటితే పోటీలో ఒప్పుకోరు. మన వానాకాలంలో చేతిపంపు తేమగాలినే లోపలికి తోస్తుంది. లోపల నీరు చేరి వాల్వు పాడవుతుంది, మెల్లగా గాలి కారుతుంది. సిలికా జెల్ ఫిల్టర్ తప్పనిసరి. గాలి నింపే చోట మామూలు నూనె చుక్క కూడా రాయొద్దు, అంత ఒత్తిడిలో అంటుకుంటుంది. పెల్లెట్లు సీసంతో చేసినవి, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించండి.

చట్టం తెలిసినాయన:
ఒక్కటి కలుపుతా. తుపాకీ ఉంచుకునేవాళ్లందరివీ ఒకే కారణాలు కావు. ఊళ్లలో తాతల నాటి డబుల్ బ్యారెల్‌ను ఇంటి గుర్తుగా దాచుకునేవాళ్లున్నారు. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణతో లైసెన్సు మీద రెండు తుపాకులకు మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినా లెక్క అదే. ప్రాణరక్షణకని కొనేవాళ్లూ ఉన్నారు, కానీ తాళం వెయ్యని తుపాకీ ఇంట్లోవాళ్లకే ప్రమాదం.

అమ్మా, మీ అత్తగారిని ఒకసారి రేంజ్‌కి తీసుకెళ్లండి. బారెల్ ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండటం, పేల్చే దాకా వేలు ట్రిగ్గర్‌కు బయటే ఉండటం, పిస్టల్ కింద పెట్టగానే లోపల ఖాళీ అని తెలిసేలా బారెల్‌లోంచి రంగు తాడు దూర్చడం ఆవిడ కళ్లారా చూస్తారు. ఇంటికొచ్చాక పిస్టల్ ఒక పెట్టెలో, పెల్లెట్లు ఇంకో పెట్టెలో, రెండు తాళాలూ మీ దగ్గరే.